జానాబెత్తెడు ఎత్తు: ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మిషన్ ముందు అవ్వ నడుము

పోయిన దసరా సెలవులకి మా ఊరు ఖిల్లా ఘణపూర్ పోయాను. వనపర్తి జిల్లాలో రెండు గుట్టల మీద కోట, కింద గణపసముద్రం చెరువు ఉన్న ఊరు. 13వ శతాబ్దంలో కాకతీయుల సామంతుడు గోన గణపరెడ్డి కట్టించాడని చెప్తారు. ఊరి పేరు కూడా ఆయన పేరు మీద వచ్చిందే అంటారు. ఈ వ్యాసం కోట గురించి కాదు. మా ఇంటి పెరట్లో, రేకుల కింద పెట్టిన వాషింగ్ మిషన్ గురించి.

అంతకు రెండు నెలల ముందే నాన్న ఫ్రంట్‌లోడ్ మిషన్ కొన్నాడు. అవ్వకి నడుం నొప్పి, ఇక బండ మీద బట్టలు ఉతకొద్దని డాక్టర్ చెప్పాడు కాబట్టి కొన్నాడు. నేను పోయేసరికి మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. అవ్వ మళ్లీ బండ దగ్గరే ఉంది.

"ఏమైందే, మిషన్ ఖరాబైందా?" అన్నాను.

"మిషన్ మంచిగనే ఉంది కొడుకా. నా నడుమే మంచిగ లేదు. ఒక్కొక్క బట్ట తియ్యాలంటే దానికి దండం వెట్టినట్టు వంగాలె. దండాలు వెట్టనీకి గుడి ఉంది గదా" అంది.

నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. మూడేళ్లుగా మెకానికల్ చదువుతున్నాను. మిషన్ ఎన్ని కిలోలది, ఎన్ని ఆర్‌పీఎం, ఎన్ని స్టార్లు అని అడిగాను కానీ, తలుపు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజు టేపు తీసుకుని కూర్చున్నాను. ఆ కొలతలూ, నేను చేసిన తప్పూ, చివరికి దొరికిన జవాబూ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఒక అవ్వో అమ్మో ఉంటుంది కాబట్టి పనికొస్తుంది.

ముందు ఒక మాట

మనిషి ఒంటికి తగ్గట్టు పనినీ పనిముట్టునీ అమర్చే శాస్త్రాన్ని ఎర్గోనామిక్స్ అంటారు. పని, నియమం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి 1857లో పోలండ్ పండితుడు యాస్త్రజెంబోవ్‌స్కీ ఈ పేరు పెట్టాడు. పేరు కొత్తదేమో కానీ ఆలోచన మన భాషలో ఎప్పటి నుంచో ఉంది. మోకాలి లోతు నీళ్లు, నడుమెత్తు గోడ, నిలువెత్తు మనిషి, మూరెడు పూలు, జానెడు పొట్ట, బారెడు పొద్దు. మన కొలతలన్నీ ఒంట్లోంచే పుట్టాయి. సెంటీమీటరు అందరికీ ఒకటే. మూర మాత్రం ఎవరి మూర వాళ్లది. ఈ తేడా గుర్తుంచుకోండి, నేను బోల్తా పడింది ఇక్కడే.

వంగితే ఏమవుతుంది?

మొదటి సంవత్సరం స్టాటిక్స్ గుర్తుందా? నడుము కింది కీలుని ఇరుసు అనుకోండి. అవ్వ బరువు 50 కిలోలు. నడుము పైన ఉన్న ఒళ్లు సుమారు అందులో సగం, అంటే 25 కిలోలు. ఆ బరువు కేంద్రం ఇరుసుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. నిలువు గీత నుంచి 60 డిగ్రీలు ముందుకి వంగితే ఆ బరువు వల్ల వచ్చే భ్రామకం దాదాపు 64 న్యూటన్ మీటర్లు. దాన్ని ఆపాల్సింది వెన్నెముక వెనకాల ఉన్న కండరాలు. వాటికి దొరికే లివర్ చెయ్యి సుమారు 5 సెంటీమీటర్లే. అంటే అవి లాగాల్సిన బలం దాదాపు 1270 న్యూటన్లు. మామూలు భాషలో 130 కిలోల బరువుని పట్టుకున్నట్టు.

ఇప్పుడు చేతిలో అరకిలో తడి టవల్ ఉందనుకోండి. అది నడుముకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కండరాల మీద అదనంగా పడేది 6 కిలోలంత. ఇంకోసారి చదవండి: ఒంటి బరువు వల్ల 130, టవల్ వల్ల 6. నడుముకి నొప్పి తెచ్చేది బట్టలు కాదు, మన ఒళ్లే. ఒక్క రుమాలు తియ్యడానికి వంగినా దాదాపు ఆ 130 కట్టాల్సిందే. అదే 20 డిగ్రీలే వంగితే లెక్క సుమారు 50 కిలోలకి దిగుతుంది.

ఇది కాగితం మీద లెక్కే కాదు. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిటారుగా నిలబడ్డప్పుడు ఒత్తిడిని 100 అనుకుంటే, నిలబడి ముందుకి వంగితే 150, చేతిలో బరువుతో వంగితే 220. అవ్వ ఒక్కో బట్టా విడిగా తీస్తుంది. నేను లెక్కపెట్టిన రోజు ఒక్క లోడు దించడానికి 21 సార్లు వంగింది. "దండం వెట్టినట్టు" అన్న మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

మిషన్ ఎందుకంత కిందుంది?

ఫ్రంట్‌లోడ్ మిషన్లు చాలావరకు 85 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. ఈ కొలత మనిషి నడుము చూసి పెట్టింది కాదు. యూరప్ ఇళ్లల్లో మిషన్ వంటగదిలో, గట్టు కింద దూరాలి. గట్టు ఎత్తే మిషన్ ఎత్తుని తేల్చేసింది. మా పెరట్లో గట్టూ లేదు, వంటగదీ లేదు. అయినా ఎక్కడో వంటింటి గట్టు కోసం మా అవ్వ వంగుతోంది.

ఇంకో కారణం యంత్రంలోనే ఉంది. ఫ్రంట్‌లోడ్‌లో డ్రమ్ము అడ్డంగా తిరుగుతుంది. బట్టల్ని పైకెత్తి కింద పడేస్తుంది, అచ్చం బండకేసి కొట్టినట్టే. అందుకే తక్కువ నీళ్లతో పనవుతుంది. కానీ డ్రమ్ము అడ్డంగా ఉంది కాబట్టి తలుపు ముందు వైపు, మిషన్ మధ్యలో పెట్టాలి. మా మిషన్ కొలతలు ఇవి: తలుపు రంధ్రం కింది అంచు నేల నుంచి 33 సెంటీమీటర్లు, పై అంచు 65, డ్రమ్ము అడుగు 24. చివరి సాక్సు ఎప్పుడూ ఆ 24 దగ్గరే, అదీ లోపలి గోడకి అంటుకుని ఉంటుంది.

పోల్చి చూడటానికి ఒక ప్రమాణం. అమెరికాలో వికలాంగులకి అనువుగా కట్టడాలు ఉండాలని 2010లో తెచ్చిన ఏడీఏ ప్రమాణాల్లో వాషింగ్ మిషన్లకీ డ్రయ్యర్లకీ ఒక నియమం ఉంది. ఫ్రంట్‌లోడ్ అయితే రంధ్రం కింది అంచు నేల నుంచి 38 సెంటీమీటర్లకి తగ్గకూడదు, 91.5 దాటకూడదు. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి ఎంతవరకు అందుతుందో చూసి పెట్టిన హద్దులివి. నేల మీద పెట్టిన మా మిషన్ 33 దగ్గరే ఆగిపోయింది.

ఎవరి మోచెయ్యి?

పరిష్కారం సులువే అనిపించింది: మిషన్‌ని ఎత్తు మీద పెట్టాలి. ఎంత ఎత్తు? నేను ఒక సూత్రం అనుకున్నాను. వంగకుండా పని చెయ్యాలంటే చేతులు వేలాడేసినప్పుడు వేలి కొసకీ మోచేతికీ మధ్య పని ఉండాలి. కాబట్టి తలుపు పై అంచు మోచేతి ఎత్తుకి రావాలి. గోడకి ఆనుకుని నిలబడి మోచెయ్యి కొలుచుకున్నాను: 110. తలుపు పై అంచు 65. తేడా 45. వెల్డింగ్ షాపుకి పోయి 45 సెంటీమీటర్ల యాంగిల్ స్టాండు చేయించి, నలుగురం కలిసి మిషన్ ఎక్కించాం. నేను నిలబడి బట్టలు తీసి చూపించాను. నడుము అసలు వంగలేదు. గొప్పగా ఫీలయ్యాను.

అవ్వ వచ్చి నిలబడింది. సబ్బుపొడి వేసే సొరుగు ఆమె భుజం దాటి పైన ఉంది. లోపల ఎంత పడిందో కనపడలేదు, పొడి సగం కింద పోసింది. తలుపు పై అంచు ఛాతీ దగ్గరికొచ్చింది. చెయ్యి పైకెత్తి లోపలికి దూర్చాలి.

"నీ అంత పొడుగున్ననా నేను? సబ్బు పొయ్యాలంటే నిచ్చెన ఎయ్యాలె ఇగ" అంది.

సూత్రం తప్పు కాదు. మోచెయ్యి తప్పు. నేను 175 సెంటీమీటర్లు, అవ్వ 145. బట్టలు ఉతికేది అవ్వ, కొలత నాది. డిజైన్ క్లాసులో యూజర్ అనే మాట వంద సార్లు విన్నాను. స్టాండు చేయించేటప్పుడు అవ్వని ఒక్కసారి గోడ పక్కన నిలబెట్టలేదు.

మనిషి పొడవు తెలిస్తే మిగతా కొలతలు ఉజ్జాయింపుగా చెప్పే నిష్పత్తులు ఉన్నాయి. 1966లో డ్రిల్లిస్, కాంటినీ అనే ఇద్దరు ఇచ్చినవి పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. పొడవుని భుజానికి 0.818తో, మోచేతికి 0.63తో, వేలాడే వేలి కొసకి 0.377తో గుణించాలి.

నాకు: భుజం 143, మోచెయ్యి 110, వేలి కొస 66.
అవ్వకి: భుజం 119, మోచెయ్యి 91, వేలి కొస 55.

అవ్వకి కావాల్సిన ఎత్తు 91లోంచి 65 తీసేస్తే 26 సెంటీమీటర్లు. అప్పుడు డ్రమ్ము అడుగు 50 దగ్గరికి వస్తుంది, ఆమె వేలి కొసకి ఐదు సెంటీమీటర్లే కింద. సబ్బు సొరుగు 104, భుజం కన్నా కింద. రంధ్రం కింది అంచు 59, ఆ ఏడీఏ హద్దుల మధ్యలో.

నిష్పత్తులు సగటు మనుషులవి. టేపు ఉంటే నేరుగా కొలవండి. పెద్దవాళ్ల వీపు వంగి ఉంటుంది కాబట్టి వాళ్లు మామూలుగా ఎట్లా నిలబడతారో అట్లాగే నిలబెట్టి కొలవాలి. నిటారుగా నిలబడమని ఒత్తిడి చేస్తే వచ్చేది కాగితానికి పనికొస్తుంది, నడుముకి కాదు.

ఊగే స్టాండు

నా స్టాండుకి ఇంకో జబ్బు కూడా ఉంది. స్పిన్ మొదలవ్వగానే వణికింది. ఇది సరదా విషయం కాదు, మిషన్ కింద పడితే కాళ్లు పోతాయి.

బట్టలు డ్రమ్ములో ఒక పక్కకి చేరి 300 గ్రాములు ఎక్కువ తక్కువ అయ్యాయనుకోండి. డ్రమ్ము వ్యాసార్ధం 24 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 1000 చుట్లు. ద్రవ్యరాశి, వ్యాసార్ధం, కోణీయ వేగం వర్గం గుణిస్తే దాదాపు 790 న్యూటన్లు. ఒక 80 కిలోల మనిషి సెకనుకి 17 సార్లు దిక్కు మార్చి తోస్తున్నట్టు. దీన్ని తట్టుకోవడానికే మిషన్ లోపల తొట్టిని స్ప్రింగుల మీద వేలాడేసి, కింద డ్యాంపర్లు పెట్టి, కాంక్రీటు దిమ్మ బిగిస్తారు. చాలా వణుకు అక్కడే చచ్చిపోతుంది. మిగిలింది నేలకి పోతుంది. నేల బరువైనది, కదలదు. సన్నని ఇనుప కాళ్లు మాత్రం పక్కకి వంగుతాయి. స్టాండు సహజ పౌనఃపున్యం ఆ 17 దరిదాపుల్లో ఉంటే, లేదా వేగం పెరుగుతూ పోయేటప్పుడు దాన్ని దాటాల్సొస్తే, అనునాదం వచ్చి ఊగడం పెరుగుతుంది. కాళ్లు పొడుగయ్యేకొద్దీ స్టాండు మెత్తబడుతుంది, ఆ పౌనఃపున్యం కిందికి దిగుతుంది. అందుకే ఎత్తు పెంచడం అంటే గట్టిదనం కూడా పెంచడం.

సంక్రాంతికి పోయినప్పుడు స్టాండు తీసేసి మేస్త్రీని పిలిచాం. ఇటుకతో గద్దె కడదామన్నాడు. ఎంత ఎత్తని అవ్వనే అడిగాడు. అవ్వ గోడ మీద చెయ్యి ఆనించి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా చాపి, దాని మీద నాలుగు వేళ్లు అడ్డం పెట్టింది. "జానాబెత్తెడు చాలు" అంది. నేను టేపు పెట్టాను. ఆమె జాన 19, బెత్తెడు 7. మొత్తం 26.

ఇది ఏదో అద్భుతం అని చెప్పను, కాకతాళీయమే. నా జానాబెత్తెడు 30, నాకు కావాల్సింది 45, కాబట్టి ఇది సూత్రం కాదు. కానీ రెండు నెలలు ఆ మిషన్ ముందు వంగిన మనిషికి, ఎంత లేపితే తన చేతికందుతుందో తెలుసు. నేను అడగలేదు, అంతే.

రెండు వరసల ఇటుక జానెడు అయింది. పైన బెత్తెడు మందం పలక కావాలి. గోడకి ఆనించి పెట్టిన బట్టలుతికే బండ అక్కడే ఉంది. అవ్వ దాన్ని చూపించింది. నలుగురం లేపి గద్దె మీద పరిచాం, రసమట్టం పెట్టి సరిచేశాం. ఇన్నేళ్లు అవ్వని వంచిన బండే ఇప్పుడు మిషన్‌ని మోస్తోంది. స్పిన్‌లో పైన పెట్టిన గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతాయి కానీ చిందవు.

గద్దె కట్టేవాళ్లకి మూడు జాగ్రత్తలు. గద్దె మిషన్ కన్నా నాలుగు వైపులా కాస్త పెద్దగా ఉండాలి, మిషన్ జారిపోకుండా అంచున రెండు సెంటీమీటర్ల గట్టు పొయ్యాలి. మిషన్ లేపితే నీళ్లు పోయే పైపు కొస కూడా అంతే లేపాలి. అది మరీ కిందుంటే సైఫన్ అయ్యి ఉతకడానికి నింపిన నీళ్లు నింపినట్టే పోతాయి. ఎక్కించేటప్పుడు నీళ్లు ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, నలుగురు పట్టాలి.

టబ్బు ఎక్కడ పెట్టారు?

గద్దె అయ్యాక కూడా అవ్వ వంగుతూనే ఉంది! చూస్తే మిషన్‌లోంచి నిటారుగా తీసిన బట్టల్ని నేల మీద టబ్బులో వేస్తోంది. ఆ టబ్బు ఎత్తడానికి మళ్లీ వంగుతోంది. నేను ఒక కొస సరిచేసి రెండో కొస మర్చిపోయాను.

ఇక్కడ అమెరికా సంస్థ నియోష్ 1991లో సవరించిన బరువులెత్తే సమీకరణం పనికొస్తుంది. అన్నీ అనుకూలంగా ఉంటే ఎత్తదగిన బరువు 23 కిలోలు అని మొదలుపెడుతుంది. చేతులు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండటం ఉత్తమం. దాని నుంచి పైకి గానీ కిందికి గానీ జరిగిన ప్రతి సెంటీమీటరుకీ 0.003 కోత. చేతులు కాలి చీలమండలకి 25 సెంటీమీటర్ల లోపు ఉంటే కోత లేదు, దూరమైతే 25ని ఆ దూరంతో భాగించాలి. ఎంత ఎత్తుకి లేపుతున్నాం అన్నదానికి ఇంకో గుణకం.

నేల మీద టబ్బు: చేతులు 25 ఎత్తులో, 40 దూరంలో, 60 సెంటీమీటర్లు పైకి. గుణకాలు 0.625, 0.85, 0.895. ఫలితం దాదాపు 11 కిలోలు.

స్టూలు మీద టబ్బు: చేతులు 60 ఎత్తులో, 30 దూరంలో, 25 సెంటీమీటర్లు పైకి. గుణకాలు 0.833, 0.955, 1. ఫలితం 18 కిలోల పైనే.

5 కిలోల బట్టలు స్పిన్ అయ్యాక సగం బరువు నీళ్లు పట్టుకుని ఉంటాయి. టబ్బుతో కలిపి 8 కిలోలు దాటుతుంది. 11 అంటే హద్దుకి దగ్గర, 18 అంటే ఊపిరి ఆడుతుంది. అయితే ఈ సమీకరణం ఆరోగ్యంగా పనిచేసే వయసు వాళ్ల కోసం, రెండు చేతులతో ఎత్తడం కోసం. డెబ్బై ఏళ్ల అవ్వ 18 కిలోలు ఎత్తొచ్చు అని కాదు. చూడాల్సింది ఆ రెండు అంకెల మధ్య తేడా.

ఇందులో ఒక విషయం నన్ను ఆపింది. ఎత్తు గుణకం 0.85 నుంచి 0.955కి పెరిగింది, అంతే. దూరం గుణకం 0.625 నుంచి 0.833కి పోయింది. అంటే అసలు శత్రువు దూరం. కిందున్న వస్తువు దగ్గరికి మనం పోలేం, మోకాళ్లు అడ్డమొస్తాయి. అందుకే చేతులు ముందుకి చాస్తాం. ఎత్తు సరిచేస్తే దూరం తనంతట తానే తగ్గుతుంది. పాత ప్లాస్టిక్ స్టూలు ఒకటి మిషన్ పక్కన పెట్టాం. గద్దె కన్నా చవక, లాభం దాదాపు అంతే.

డ్రయ్యరు ఉంటే

ఘణపూర్ ఎండకి డ్రయ్యరు ఎవరికీ అక్కర్లేదు, దండెం చాలు. కానీ అమెరికాలో మన వాళ్ల ఇళ్లల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. కింద పెట్టుకునే పెట్టె స్టాండ్లు అక్కడ విడిగా అమ్ముతారు. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో జాగ లేక మిషన్ మీద డ్రయ్యరు ఎక్కిస్తున్నారు. అప్పుడు సమస్య తిరగబడుతుంది. 85 ఎత్తు మిషన్ మీద డ్రయ్యరు తలుపు మధ్య భాగం 130 దాటుతుంది. 145 సెంటీమీటర్ల మనిషి భుజం 119. ఆరిన బట్టలు తేలిక, కానీ లోపల వేసేవి తడివి, బరువైనవి. పైన సొరుగులో నీళ్ల డబ్బా ఉండే రకమైతే అది నిండాక తల పైనుంచి దించాలి. జాగ ఉంటే పక్కపక్కనే పెట్టడం మేలు. లేకపోతే కింది మిషన్‌ని ఇంకా లేపొద్దు.

గద్దె కట్టలేకపోతే

అద్దె ఇల్లయితే 30 సెంటీమీటర్ల పీట వేసుకుని మిషన్ ముందు కూర్చోవచ్చు. అప్పుడు మోచెయ్యి దాదాపు తలుపు మధ్యకి వస్తుంది. టబ్బు పక్కన కాకుండా మోకాళ్ల మధ్య పెట్టుకోవాలి, లేకపోతే వంగడం బదులు నడుము తిప్పడం మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి లేవడం కష్టం, పక్కన పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. మన హాస్టల్ టాప్‌లోడ్ వాళ్లు నవ్వొద్దు. పొట్టిగా ఉన్న జూనియర్లు అంచు మీద పొట్ట ఆనించి, మునివేళ్ల మీద లేచి అడుగున సాక్సులు వెతకడం నేను రోజూ చూస్తున్నాను.

బండ దగ్గర ఇంకా ఉన్నవాళ్లు

అవ్వ తన ఇంటి బట్టలే ఉతికింది. ఊరందరి బట్టలూ ఉతికిన రజకుల నడుముల సంగతేంటి? మోకాలి లోతు నీళ్లలో నిలబడి, వంగి, తడి బట్టని తల మీదుగా తిప్పి బండకేసి కొట్టడం, రోజంతా. పైన చేసిన లెక్క వాళ్లకి వేసి చూడండి. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకీ దోబీఘాట్లకీ నెలకి 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇస్తున్నారు. అంటే బండ స్థానంలోకి యంత్రం రావడం మొదలైంది. యంత్రం వస్తే సరిపోదు, దాని తలుపు ఏ ఎత్తులో ఉందన్నది కూడా చూడాలి. టెండరు కాగితంలో కిలోలు, కిలోవాట్ల పక్కన ఈ ఒక్క కొలత కూడా రాస్తే ఖర్చు పెరగదు. అది రాసే ఉద్యోగాల్లోకి రేపు పోయేది మనమే.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మూడు కొలతలు తీసుకు రండి: బట్టలు ఉతికే మనిషి మోచేతి ఎత్తు, మిషన్ తలుపు పై అంచు ఎత్తు, బట్టలు వేసే టబ్బు ఎత్తు. మొదటి రెండింటి తేడా మీ గద్దె. మూడోది సున్నా అయితే వెంటనే ఒక స్టూలు వెయ్యండి. టేపు తియ్యకముందే ఆమెని అడగండి, "ఎంత లేపాలి?" అని.

మొన్న ఫోన్ చేస్తే అవ్వ చెప్పింది: "దుప్పట్లు గూడ దాంట్లనే ఏస్తున్న ఇప్పుడు." మిషన్ మీద కప్పిన దుప్పటి కూడా ఉతికేసిందట.